నడుం బెంచీ కొనేముందు టేపు తీసుకోండి

మొన్న ఒంగోలు నుంచి మా మేనత్త కొడుకు ఫోన్ చేశాడు. "నడుం వ్యాయామానికి వాడే బెంచీలు రెండింటి ఫొటోలు పంపించా, ఏది కొనమంటావో చెప్పు" అన్నాడు. ఒకటి మడిచి మంచం కింద పెట్టుకునే సన్నరకం. ఇంకోటి ఏటవాలుగా నిలబడే నలభై అయిదు డిగ్రీల రకం. రెండింటికీ రెండు వేలు తేడా. నేను ధర సంగతి ఎత్తకుండా, "ముందు నీ తుంటి ఎత్తెంతో కొలిచి చెప్పు బావా" అన్నాను. "బెంచీ కొనడానికి నా తుంటితో పనేంది?" అన్నాడు. ఫోన్లో అతనికి చెప్పిన జవాబే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నాలుగేళ్ల కిందట నాకు ఈ మాట చెప్పేవాళ్లు లేక ఆరువేల నాలుగొందలు పోగొట్టుకున్నాను. ఇంకొకరికి అలా జరగకూడదు.

నాది నెల్లూరు, వేదాయపాళెం. పొద్దున తొమ్మిదిన్నరకు కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా లెక్కలు చూసే పని. మిద్దె మీద పదడుగులకు పన్నెండడుగుల గది ఉంది. అందులో డంబెల్స్, ఒక ఫ్లాట్ బెంచీ, గోడకు రబ్బరు బ్యాండ్లు, ఇప్పుడు ఈ నడుం బెంచీ. నలభై దాటాక బండి దిగిన ప్రతిసారీ నడుం పట్టేసేది. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే డిస్కులో ఇబ్బందేమీ లేదని, నడుమూ పిరుదులూ బలహీనంగా ఉన్నాయని చెప్పి వ్యాయామం చేయమన్నారు. ఆ సలహాతోనే మొదటి బెంచీ కొన్నాను.

ఈ బెంచీ చేసే పని

జిమ్ముల్లో దీన్ని కొందరు హైపర్ ఎక్స్‌టెన్షన్ అంటారు, కొందరు రోమన్ చైర్ అంటారు. కొనడానికి వెతికితే బ్యాక్ ఎక్స్‌టెన్షన్ బెంచ్ అన్న పేరు కూడా కనిపిస్తుంది. పేర్లు చూసి కంగారుపడొద్దు. మడమల దగ్గర కాళ్లు రోలర్ల కింద బిగుసుకుని ఉంటాయి, తొడలు మెత్త మీద ఆనుతాయి, నడుం పైభాగమంతా గాల్లో ఉంటుంది. కిందికి వంగి, తల నుంచి మడమ దాకా ఒక గీతలా అయ్యేవరకు లేవడమే వ్యాయామం. పేరులో హైపర్ అని ఉంది కదా అని ఆ గీత దాటి వెనక్కి విరుచుకోకూడదు. అలా విరుచుకుంటే భారం కండల మీద నుంచి వెన్నుపూసల కీళ్ల మీదికి పోతుంది.

ఇది నడుముకు మాత్రమే అనుకునేవాళ్లు చాలామంది. బండలాగుడు పోటీల్లో ఒంగోలు గిత్తను దగ్గరగా చూసినవాళ్లకు అసలు సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. కాడి మెడ మీదే ఉన్నా, వెనకకాళ్లు నేలను తన్నినప్పుడే బండ కదులుతుంది. తొడల వెనకా పిరుదుల మీదా కండ ఉబ్బుతుంది. వెన్ను మాత్రం వంగకుండా నిలబడి ఆ బలాన్ని కాడి దాకా చేరుస్తుంది. ఈ బెంచీ మీద మనం చేసేదీ అదే. తుంటి దగ్గర వంగుతాం, పిరుదులతో లేస్తాం, నడుం కండలు వెన్నును తిన్నగా పట్టి ఉంచుతాయి.

దీని మీద మోసే బరువు తక్కువేం కాదు. తల, చేతులు, మొండెం కలిపితే మనిషి బరువులో దాదాపు మూడింట రెండు వంతులు. 75 కిలోల మనిషి చేతిలో ఏమీ పట్టుకోకపోయినా సుమారు 50 కిలోలు లేపుతున్నట్టే. అందుకే ఈ సామాను విషయంలో సన్న పైపు, వదులు బోల్టు ప్రమాదం. నా దృష్టిలో అంతకంటే పెద్ద ప్రమాదం మన కొలతకు సరిపోని మెత్త.

తుంటి మడత ఎక్కడుందో చూసుకోవాలి

నేను మొదట కొన్నది పైన చెప్పిన మడతబెంచీ లాంటిదే. పెట్టె విప్పి, స్పానర్‌తో బిగించి, ఎక్కి పడుకున్నాను. మెత్త పైఅంచు సరిగ్గా బొడ్డు కింద పొట్టలో గుచ్చుకుంది. కిందికి వంగుదామంటే తుంటి కదలదు, ఎందుకంటే దాని కింద మెత్త అడ్డం ఉంది. వంగగలిగింది వెన్ను ఒక్కటే. అలాగే పది రోజులు చేశాను. పిరుదులకు పని తగల్లేదు, నడుం మాత్రం మునుపటికంటే ఎక్కువ పట్టేసింది. తప్పు నా నడుములో ఉందనుకున్నాను. తర్వాత టేపు పెట్టి చూస్తే తెలిసింది: మడమ రోలరు నుంచి మెత్త పైఅంచు దాకా 86 సెంటీమీటర్లు, మార్చుకునే వీలు లేదు. నా కాళ్లకు అక్కడ ఉండాల్సింది 79 లోపు. ఏడు సెంటీమీటర్ల తేడా పొట్టలోకి వచ్చింది.

కాబట్టి కొనేముందు ఈ కొలత తీసుకోండి. చెప్పుల్లేకుండా గోడ పక్కన నిలబడి ఒక మోకాలు పైకెత్తండి. తొడా పొట్టా కలిసేచోట ప్యాంటు మడత పడుతుంది కదా, అక్కడ వేలు పెట్టి, కాలు దించి, నేల నుంచి ఆ వేలిదాకా కొలవండి. 5 అడుగుల 6 అంగుళాల నాకు 87 సెంటీమీటర్లు వచ్చింది. అయిదడుగులున్న మా ఆవిడకు 79. ఆరడుగుల మా బావ ఫోన్ పక్కన పెట్టి, వాళ్లబ్బాయి చేత కొలిపించుకుంటే 96. ఒకే ఇంట్లో ముగ్గురు వాడాలంటే 17 సెంటీమీటర్ల వ్యత్యాసం. ఆ మడతకు వేలెడు కిందుగా మెత్త పైఅంచు ఉండాలి. అప్పుడు తుంటి ఎముక మెత్త అంచు దాటి బయట ఉంటుంది, తుంటి స్వేచ్ఛగా వంగుతుంది.

ఏటవాలు బెంచీలో పాదాలు ప్లేటు మీద నిలబడతాయి కాబట్టి ప్లేటు నుంచి మెత్త పైఅంచు దాకా, ఏటవాలు వెంబడి కొలవాలి. అడ్డంగా, అంటే నేలకు సమాంతరంగా ఉండే బెంచీలో మడమ పైనున్న రోలరు నుంచి కొలుస్తాం కాబట్టి మన కొలతలో ఎనిమిది, పది సెంటీమీటర్లు తగ్గించుకోవాలి. అమ్మేవాళ్ల పేజీలో బెంచీ పొడవూ వెడల్పూ ఎత్తూ రాస్తారు గానీ ఈ ఒక్క కొలత చాలాచోట్ల ఉండదు. మెసేజ్ పెట్టి అడగండి: "మెత్త అన్నిటికంటే కిందికి దించితే ప్లేటు నుంచి ఎంత, అన్నిటికంటే పైకి పెడితే ఎంత?" జవాబు ఇవ్వనివాళ్ల దగ్గర కొనొద్దు. మెత్త మరీ కిందికి, తొడ మధ్యకు వచ్చినా కుదరదు. మనిషి ముందుకు తూలిపోతాడు, భారం మోకాళ్ల మీద పడుతుంది.

మెత్త ఒకటే పలకగా ఉంటుందా, మధ్యలో ఖాళీ వదిలి రెండు ముక్కలుగా ఉంటుందా అని కూడా చూడండి. మగవాళ్లకు రెండు ముక్కలదే సుఖం. కారణం వేరే చెప్పక్కర్లేదు. ఫోమ్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపలి చెక్క తగలకూడదు.

నలభై అయిదు డిగ్రీలా, అడ్డంగానా

వెన్ను నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు తుంటి మీదా నడుం మీదా బరువు అన్నిటికంటే ఎక్కువ. బరువు చేతిలో వేలాడేసుకుంటే తేలికే, అదే చెయ్యి బారచాపి పట్టుకుంటే వణుకు పుడుతుంది. ఇదీ అలాంటిదే. అడ్డంగా ఉండే బెంచీలో ఆ సమాంతర స్థితి పూర్తిగా లేచాక వస్తుంది. అంటే ఆగి నిలపాల్సిన చోటే గరిష్ఠ భారం. ఏటవాలు బెంచీలో అది సగం దారిలో వచ్చి పోతుంది. పైకి లేచి తిన్నగా అయ్యేసరికి భారం అందులో సుమారు 70 శాతానికి దిగుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది. పైన రెండు క్షణాలు ఆగి, పిరుదులు బిగించి, ఊపిరి వదిలి, మెల్లగా దిగే ఓపిక ఏటవాలు బెంచీలో ఉంటుంది. అడ్డబెంచీలో పైకొచ్చీ రాగానే పడిపోతున్నట్టు దిగిపోతాం.

ఇంకో సంగతి తల. అడ్డబెంచీలో కిందికి దిగితే తల పూర్తిగా వేలాడుతుంది, రక్తం ముఖంలోకి వస్తుంది. ఏటవాలు బెంచీలో అంత ఉండదు. శరీరం బరువులో కొంత పాదాల మీద కూడా పడుతుంది కాబట్టి తొడలు మెత్తకు అంతగా నలగవు. ఎక్కడమూ దిగడమూ సులువు, నడిచి వచ్చి ప్లేటు మీద నిలబడితే చాలు. మా అమ్మలాంటి వయసువాళ్లు గదిలో ఎవరూ లేనప్పుడు ఎక్కినా నాకు భయం ఉండదు. అడ్డబెంచీ మీదికి వాళ్లను నేను ఎక్కనివ్వను.

అయితే అడ్డబెంచీకి దాని విలువ ఉంది. నడుం ఎంతసేపు నిలబడగలదో పరీక్షించేది ఆ స్థితిలోనే. డెన్మార్క్‌కు చెందిన బీరింగ్ సోరెన్‌సెన్ 1984లో ప్రచురించిన పరిశోధన వల్ల ఆ పరీక్షకు ఆయన పేరే వచ్చింది. బల్ల మీద బోర్లా పడుకుని, కాళ్లు కట్టించుకుని, నడుం పైభాగం బల్ల బయట గాల్లో సమాంతరంగా నిలపాలి. నాలుగు నిమిషాలు నిలిపితే అక్కడితో ఆపేస్తారు. ఎక్కువసేపు నిలపగలిగిన మగవాళ్లకు ఆ తర్వాతి ఏడాదిలో మొదటిసారి నడుంనొప్పి రావడం తక్కువని ఆయన గమనించారు. బెంచీ కొనకముందే ఇంట్లో దివాన్ కాట్ మీద దీన్ని చేసి చూసుకోవచ్చు, పిక్కల మీద ఇంకొకరు కూర్చుంటే చాలు. చేతులు కింద స్టూలు మీద పెట్టుకునేంత దగ్గరలో స్టూలు ఉండాలి. మా ఆవిడ ఫోన్లో టైము చూస్తుంటే మొదటిసారి నేను నిలిపింది 38 సెకన్లు. ఆ లెక్కన అడ్డబెంచీ నాకు తొందరపాటే. నిమిషం దాటి హాయిగా నిలపగలిగినవాళ్లు అడ్డబెంచీ గురించి ఆలోచించవచ్చు. అంతకు తక్కువైతే ఏటవాలుదే తీసుకోమంటాను.

రెండు విధాలా మార్చుకునే రకం కూడా దొరుకుతుంది, పిన్ను తీసి కోణం మార్చొచ్చు. వినడానికి బాగుంటుంది. కానీ పిన్ను, కీలు ఎక్కువైన కొద్దీ ఊగేచోట్లు ఎక్కువవుతాయి. తక్కువ ధరలో ఈ రకం కొనొద్దని, డబ్బు పెట్టగలిగితే గట్టిదే కొనమని నా మాట. ఇక మడతబెంచీల్లో నడుం, పొట్ట, చేతులు, పుషప్స్ అంటూ అన్నీ ఒకే సామాన్లో చూపించేవి ఉంటాయి. నేను మొదట మోసపోయింది ఆ బొమ్మలు చూసే. ఒక పని సరిగా చేసే సామాను ఇంటికి చాలు.

జీహెచ్‌డీ, రివర్స్ హైపర్ సంగతి

జీహెచ్‌డీ (గ్లూట్ హ్యామ్ డెవలపర్) అంటే పెద్ద యంత్రం. పాదాలు నిలువు ప్లేటుకు తన్ని, మడమలు రెండు రోలర్ల మధ్య బిగించి, మోకాళ్లు మడుస్తూ మొత్తం శరీరాన్ని లేపుతారు. తొడ వెనక కండకు దానంత కఠినమైన పని ఇంకోటి ఉండదనిపిస్తుంది. క్రీడాకారులకు, పరుగు పందెగాళ్లకు మంచిది. ఇంటికి మాత్రం దాదాపు ఆరడుగుల పొడవు చోటు కావాలి, నేను అడిగిన చోటల్లా ధర ముప్పై వేలకు పైమాటే. పైగా దాని మీద వెల్లకిలా చేసే సిట్‌అప్స్ అలవాటు లేనివాళ్లు మొదటి రోజే ఎక్కువ చేస్తే కండ కణాలు చితికిపోయి మూత్రపిండాల మీదికి వచ్చే ప్రమాదం ఉంది. మూత్రం ముదురు రంగులోకి మారితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. శిక్షణ ఇచ్చేవాళ్లు పక్కన లేని ఇంటి జిమ్ముకు దీన్ని నేను సిఫారసు చేయను.

రివర్స్ హైపర్ మన నడుం బెంచీకి తలకిందులు. మొండెం బల్ల మీద ఆనుతుంది, కాళ్లు వేలాడుతూ లేస్తాయి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో వెస్ట్‌సైడ్ బార్‌బెల్ నడిపిన లూయీ సిమన్స్ తన వెన్ను దెబ్బతిన్నాక దీన్ని తయారుచేసుకున్నారు. తల కిందికి వేలాడదీయకూడని వాళ్లకు ఇది నప్పుతుంది. యంత్రం ఇంటికి మరీ పెద్దది. కదలని ఎత్తైన బల్ల ఉంటే దాని అంచున దుప్పటి మడిచి వేసి, బోర్లా పడుకుని, రెండు చేతులతో బల్ల పట్టుకుని, కాళ్లు మెల్లగా నడుం ఎత్తు దాకా లేపినా అందులో చాలావరకు పని అయిపోతుంది. కాళ్లు విసరకూడదు.

ఆన్‌లైన్ పెట్టె, పాత జిమ్ము సామాను, వెల్డింగ్ షాపు

ఆన్‌లైన్లో చూసేటప్పుడు ఎంత బరువు మోస్తుందో రాసిన అంకెకంటే బెంచీ సొంత బరువు ఎంతో చూడండి. అది అంత సులువుగా దాగదు. 50 మిల్లీమీటర్ల చదరపు పైపు, 2 మిల్లీమీటర్ల మందమైతే మీటరుకు సుమారు 3 కిలోలు తూగుతుంది. గట్టి ఏటవాలు బెంచీకి ఆరు మీటర్ల దాకా పైపు పడుతుంది. అంటే పైపే 18 కిలోలు, మెత్తలూ ప్లేటూ కలిపితే పాతిక దగ్గర. మొత్తం 11 కిలోలని రాసి ఉన్న బెంచీలో పైపు ఎంత పలచనో మీరే లెక్కేసుకోవచ్చు. నా మొదటి బెంచీ 10 కిలోలు. మూడో నెలలో మడత దగ్గర రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగింది.

పాత జిమ్ము సామాను దొరికితే అదృష్టమే. జిమ్ములు యంత్రాలు మార్చేటప్పుడు బయటికి వచ్చేవి బరువైన పైపుతో ఉంటాయి. రెగ్జిన్ చిరిగి ఉంటే భయపడొద్దు, బైకు సీట్ కవర్లు కుట్టే షాపుకు మెత్త విప్పి తీసుకెళ్తే ఫోమ్ మార్చి కొత్త కవర్ వేసిస్తారు. అతుకుల దగ్గర రంగు మీద వెంట్రుకవాసి గీత కనిపిస్తే మాత్రం వదిలేయండి. అది రంగు పగులు కాకపోవచ్చు. ట్రాలీ ఆటో కిరాయి, మిద్దె మీదికి ఎక్కించే మనుషుల కూలీ ముందే లెక్కలో వేసుకోండి.

నేను చివరికి వెల్డింగ్ షాపులో చేయించుకున్నాను. ఆటోనగర్‌లో గేట్లు, ట్రాలీలు చేసే పెద్దాయన. కాగితం మీద బొమ్మ గీసుకెళ్తే కళ్లద్దాలు పైకి నెట్టి చూశారు. "మెత్త యాడికి రావాల నాయనా, పొట్ట కిందికా తొడల మీదికా?" అని అడిగారు. అమ్మకానికి పెట్టిన ఏ పేజీ నన్ను అడగని ప్రశ్న అది. తుంటి మడత చూపించాను. ఇనుప టేపు తీసి, చెప్పులు విప్పించి, ఆయనే మళ్లీ కొలిచారు. "అడుగు ముందుకు పొడుగుండాల, లేకపోతే నువ్వు వంగేసరికి వెనక లేస్తాది" అని నా బొమ్మలో ముందరి కాలును అర అడుగు పెంచారు.

అక్కడ నేర్చుకున్న విషయం ఒకటి ఏ బెంచీకైనా పనికొస్తుంది. మెత్త పైకీ కిందికీ జరగాలంటే ఒక పైపులో ఇంకో పైపు దూరాలి. 50 పైపుకు 2 మిల్లీమీటర్ల మందం అటూ ఇటూ పోతే లోపల 46 మిగులుతుంది. అందులో 40 పైపు దూరిస్తే చుట్టూ సందు, లేచినప్పుడల్లా టకటకమంటూ ఊగుతుంది. ఆ చప్పుడు వింటుంటే వ్యాయామం మీద కంటే కింద పడతానేమోనన్న టెన్షన్ మీదే ధ్యాస ఉంటుంది. మేస్త్రీ లోపలి పైపుకు నాలుగు వైపులా పలచని పట్టీలు అతికి, అరగదీసి, గ్రీజు రాసి దూర్చారు. ఎత్తు నిలపడానికి పిన్ను, ఊగకుండా పక్కనుంచి చేత్తో తిప్పి బిగించే బోల్టు, ఈ రెండూ పెట్టారు. షాపులో ఏ బెంచీ చూసినా ఇదే పరీక్ష చేయండి: పిన్ను పెట్టి, మెత్తను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ గుంజండి. పక్కబోల్టు లేనిదైతే ఊగుతుంది, వాడినకొద్దీ ఇంకా ఊగుతుంది.

రంధ్రాలు అంగుళానికి ఒకటి చొప్పున తొమ్మిది వేయించాను. 75 నుంచి 95 సెంటీమీటర్ల దాకా వచ్చింది. పాదాల కింద జారకుండా గళ్ల రేకు. రెగ్జిన్, ఫోమ్, రంగు అన్నీ కలిపి 8,200 అయింది. ఆ ధరకు ఆన్‌లైన్లోనూ ఏటవాలు బెంచీ వస్తుంది, కానీ మా ఇంట్లో ముగ్గురి కొలతకు రాదు. అందరూ వెల్డింగ్ షాపుకే వెళ్లాలని చెప్పను. మీ ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలకూ 5 అడుగుల 10కీ మధ్య ఉండి, ఒక్కరే వాడేటట్టయితే కొన్నదే చాలావరకు సరిపోతుంది. బాగా పొట్టి, బాగా పొడుగు, లేదా ఇంటిల్లిపాదీ వాడే పరిస్థితి అయితే చేయించుకోవడమే మేలు.

మన వైపు తుప్పు సంగతి మరిచిపోవద్దు

మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు ఇళ్లున్నవాళ్లకు ఇనుమును తుప్పు ఎంత త్వరగా తింటుందో చెప్పక్కర్లేదు. కిటికీ ఊచలు చూస్తే చాలు. ఊళ్లోనూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు, గదిలో చెమ్మ. దాని మీద మన చెమటలోని ఉప్పు. తుప్పు ముందు కనిపించేది రంధ్రాల అంచుల్లో, పైపు తెరిచి ఉన్న కొనల్లో. కాబట్టి రంధ్రాలు వేశాకే రంగు వేయించాలి, పైపు కొనలకు ప్లాస్టిక్ మూతలు ఉండాలి. పౌడర్ కోటింగ్ మంచిదే. వెల్డింగ్ షాపులో ఆ సదుపాయం లేకపోతే రెడ్ ఆక్సైడ్ ఒక కోటు, దాని మీద ఎనామిల్ రెండు కోట్లు చాలు. నేను దీపావళికి ముందొకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి బోల్టులన్నీ విప్పి నూనె గుడ్డతో తుడిచి మళ్లీ బిగిస్తాను. ఆరుబయట వరండాలో పెట్టేవాళ్లు రెగ్జిన్ మీద కూడా శ్రద్ధ పెట్టాలి. రోహిణి కార్తెలో ఎండ తగిలితే కాలిపోయేంత వేడెక్కుతుంది, రెండేళ్లకే పగులుతుంది. పాత నూలు టవల్ పరిచి చేసుకుంటే చెమటకూ మేలు, రెగ్జిన్‌కూ మేలు.

బెంచీ వద్దనాల్సిన వాళ్లు

నడుంనొప్పి తుంటి నుంచి కాలులోకి దిగుతూ ఉంటే, కాలు తిమ్మిరెక్కుతూ ఉంటే ఈ బెంచీ కొనొద్దు, ముందు డాక్టరును కలవండి. బీపీ అదుపులో లేనివాళ్లు, కంట్లో నీటికాసులు ఉన్నవాళ్లు, గర్భిణులు కూడా అంతే. తల కిందికి వంచి ఊపిరి బిగబట్టడం వాళ్లకు మంచిది కాదు. ఈ విషయంలో నేను మొహమాటపడను. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసే మా బావ స్నేహితుడొకరు ఇదే బెంచీ చేయించమని అడిగితే, కాలు లాగుతోందని అన్నందుకు ఆయన్ను నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికి పంపాం.

డాక్టరు వ్యాయామం చేయొచ్చని చెప్పి, బెంచీ భారం ఇప్పుడే వద్దంటే నేల మీద చేసేవి ఉన్నాయి. కెనడాలో వెన్నెముక మీద దశాబ్దాలుగా పరిశోధన చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ ప్రచారంలోకి తెచ్చిన మూడు వ్యాయామాల్లో బర్డ్ డాగ్ ఒకటి. చేతులూ మోకాళ్ల మీద ఉండి, కుడిచేయీ ఎడమకాలూ చాచి పది సెకన్లు నిలిపి, మళ్లీ మార్చడం. దానికి చాప ఒక్కటి చాలు. డంబెల్స్ ఉన్నవాళ్లు తుంటి దగ్గర వంగి లేచే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ నేర్చుకున్నా ఈ కండలకు పని దొరుకుతుంది. అవి చేస్తూ తృప్తిగా ఉన్నవాళ్లు డబ్బు దాచుకోవచ్చు.

మా బావ విషయానికొస్తే, 96 సెంటీమీటర్లు అన్నాక ఆ రెండు ఫొటోల్లో మడతబెంచీ అక్కడే తేలిపోయింది. రెండోదాని అమ్మకందారును అడిగితే ప్లేటు నుంచి మెత్త దాకా గరిష్ఠం 88 అని చెప్పాడు. మెత్త తొడల్లోకి దిగిపోతుంది, అదీ వద్దన్నాను. పోయిన ఆదివారం బస్సెక్కి నెల్లూరు వచ్చాడు. మా బెంచీలో ఆఖరి రంధ్రంలో పిన్ను పెట్టి ఎక్కించాను. ఇంకే పనీ లేని మనిషిలా తాపీగా పదిసార్లు వంగి లేచి, దిగి, పిరుదుల మీద చెయ్యి పెట్టుకుని "ఇక్కడ పట్టింది" అన్నాడు. నడుం ఎలా ఉందని అడిగితే నడుముకేం కాలేదన్నాడు. పట్టాల్సింది అక్కడే. మొదటి రెండు వారాలూ ఒట్టి ఒంటితో పన్నెండేసి సార్లు, రెండు సెట్లు, వారానికి మూడు రోజులు చేయమన్నాను. పదిహేనుకు మూడు సెట్లు తేలిగ్గా అయ్యాక అయిదు కిలోల ప్లేటు గుండెకు హత్తుకుని చేయొచ్చు. సాయంత్రం ఆటోనగర్‌కు తీసుకెళ్లాను. మేస్త్రీ పైపు ఇంకో రెండంగుళాలు పొడుగు వేస్తానన్నారు.

మా బెంచీ నిలువు పైపు మీద ఇప్పుడు రంగు గీతలు ఉన్నాయి. రెండో రంధ్రం దగ్గర పసుపు గీత మా ఆవిడది. అయిదో రంధ్రం దగ్గర నీలం నాది. ఆఖరి రంధ్రం దగ్గర ఆదివారం వేసిన ఎర్రగీత ఇంకా కొత్తగా మెరుస్తోంది.